పొట్టముక్క

చెరువుగట్టు,
2007 మార్చి 11

ఒసేయ్ దియెమ్,

నీ ఉత్తరం అందింది. రెండు పేజీల నిండా మీ ఇంటి కప్పు కారడం, మీ అత్తగారి మోకాళ్ళు, కుట్టుమిషను బెల్టు తెగిపోవడం. ఆఖరి వాక్యంలో, ఏదో మరిచిపోయి రాసినట్టు, నాకు మూడో నెల అక్కా అని. గట్టు మీద నిలబడి చదువుతున్నదాన్ని, ఆ మాట చూసి బాతుల దాణా బుట్ట నీళ్ళలో వదిలేశాను. బాతులకి పండగే పండగ. అమ్మ ఉంటే నీ చెవి మెలిపెట్టేది. లేదు కాబట్టి నేనే ఇక్కణ్ణుంచి మెలిపెట్టాననుకో.

ఫోను చేస్తే సరిపోయేదిగా అని మీ ఆయన అన్నాడట. అతనికి నా చెవుల సంగతి చెప్పు. యుద్ధంలో విమానాల మోతకి పోయినవి ఇక రావు. ఫోనులో ఎవరు మాట్లాడినా నాకు కప్పల గోలే. నువ్వు రాయి, నేనూ రాస్తాను.

దీనితోపాటు డ్రైవరు ముయి బస్సులో ఒక బకెట్టు వస్తుంది. అందులో రెండు బంగారుతీగ చేపలు, బతికున్నవి. కనుమ మలుపుల్లో ఒలక్కుండా మూతకి తడిగుడ్డ కట్టాను. కడుపుతో ఉన్నవాళ్ళు బంగారుతీగ జావ తాగాలని నీకు వేరే చెప్పక్కర్లేదు. బిడ్డ గట్టిగా పుడుతుంది, తరవాత పాలకి లోటుండదు. అమ్మ నిన్ను మోస్తున్నప్పుడు ఇదే చెరువులో పట్టి నేనే వండి పెట్టాను. అల్లం దండిగా వెయ్యి, పెసలు గుప్పెడు. చేప కడుపులో పచ్చటి కొవ్వు ఉంటుంది, పారేసేవు, బలమంతా అందులోనే ఉంది. పొట్టముక్క నువ్వే తిను. మీ ఆయనకి తోక చాలు. నేను ఇన్నేళ్ళూ తోకే తిన్నాను, ఏమైంది నాకు, దుక్కలా ఉన్నాను.

అమ్మ పోయేటప్పటికి నీకు రెండేళ్ళు. పొట్టముక్క తప్ప ఇంకేది పెట్టినా ఉమ్మేసేదానివి. ఇప్పుడు నీ లోపల ఇంకో నోరు తయారైంది. నాకెంత సంతోషంగా ఉందో రాయడం చేతకావడం లేదు.

ఖాళీ బకెట్టు తిప్పి పంపు.

తోకముక్కల అక్క,
తోమ్


హ్యూ,
2007 మార్చి 25

అక్కా,

చేపలు రెండూ బతికే వచ్చాయి. ముయి బాబాయి నాలుగుసార్లు బస్సాపి నీళ్ళు మార్చాడట, ప్రయాణికులు తిట్టారట. నువ్వు చెప్పినట్టే జావ కాచాం. పొట్టముక్క నేనే తిన్నాను. చాలా బాగుంది.

వేవిళ్ళు కొంచెం తగ్గాయి. అత్తయ్య నన్ను మెట్లెక్కనివ్వడం లేదు. తను మాత్రం మోకాళ్ళు పట్టుకుని రోజుకి పదిసార్లు ఎక్కుతుంది. పెళ్ళిళ్ళ కాలం కదా, బట్టలు కుట్టించుకునేవాళ్ళు ఎక్కువగానే ఉన్నారు. కూర్చుని చేసే పనేగా, నువ్వు కంగారుపడకు.

బకెట్టు పంపుతున్నాను. అందులో మీకక్కడ దొరకని నువ్వుల జీడి ఉంది. బాతులకి పెట్టకుండా నువ్వే తిను.

నీ దియెమ్


చెరువుగట్టు,
2007 జులై 18

బంగారుకొండా,

ఇది ఆరో బకెట్టు. ముయి నన్ను చూడగానే బస్సు వెనక్కి తిప్పుకుంటున్నాడు. అయినా పుచ్చుకుంటాడులే, వాడి పెళ్ళికి తామరపూలన్నీ నావే.

ఇక్కడో తమాషా జరిగింది. ఊళ్ళోకి పరీక్షలవాళ్ళు వచ్చారు. తెల్లకోట్లు, రబ్బరు బూట్లు, ఐసు పెట్టెలు. వాళ్ళలో ఖుయే అని ఒక పిల్ల, నీ ఈడుదే, చక్కగా మాట్లాడుతుంది, నా చెవి దగ్గరకొచ్చి మరీ. గోడ అవతల పాత విమానాల మైదానంలో, యుద్ధమప్పుడు అడవుల ఆకు రాల్చడానికి తెచ్చిన మందు పీపాలు దాచేవారు కదా. అవి కారినవీ కడిగినవీ వాన నీళ్ళతో కాలవ పట్టి మన చెరువులోకి వచ్చాయా అని చూస్తున్నారట. ఎప్పటి ముచ్చట, ముప్పై ఐదేళ్ళు దాటింది! నేను పడీపడీ నవ్వాను. ఆ అమ్మాయి చూస్తుండగానే దోసిట్లో నీళ్ళు తీసుకుని తాగి చూపించాను. అడుగున చిల్లర పడితే కనబడే నీళ్ళు మనవి.

నీళ్ళు పట్టారు, బురద తవ్వారు, చేపలూ బాతుగుడ్లూ తీసుకెళ్ళారు. ఆఖరికి నా చేతిలోంచి రక్తం కూడా లాగారు. నీళ్ళ ఫలితం నిన్ననే వచ్చింది, నీళ్ళలో ఏమీ లేదట. చూశావా, చెప్పానా? మిగతావి రావడానికి ఇంకా టైము పడుతుందట. వస్తే వస్తాయి.

ఈసారి చేప పెద్దది, ఆ నడిమి మడుగులోది. అక్కడివి ఎప్పుడూ కొవ్వు పట్టి ఉంటాయి. తలకాయ కూడా వదలొద్దు.

నీళ్ళు తాగిన అక్క,
తోమ్


హ్యూ,
2007 సెప్టెంబరు 22

అక్కా,

మగపిల్లాడు. పంతొమ్మిదో తేదీ పొద్దున. రెండు కిలోల తొమ్మిదివందలు. చేతులూ కాళ్ళూ వేళ్ళూ అన్నీ నేను రెండేసిసార్లు లెక్కపెట్టాను. ఎందుకో తెలీదు, లెక్కపెట్టాలనిపించింది.

అందమైన పేరు పెడితే దయ్యాల కన్ను పడుతుందని అత్తయ్య ముద్దుపేరు తెప్ అని, చిట్టిరొయ్య అనే అర్థం వచ్చేలా పెట్టింది. అరచేతిలో నిజంగానే చిట్టిరొయ్యలా ఉన్నాడు. పాలు బాగా తాగుతున్నాడు. అత్తయ్య పచ్చి బొప్పాయీ పందికాళ్ళూ వేసి రోజూ పులుసు కాస్తోంది.

ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. ఆ బురద పరీక్ష ఫలితం వచ్చిందా?

నీ దియెమ్


చెరువుగట్టు,
2007 అక్టోబరు 10

దియెమ్,

వచ్చింది.

ఖుయే వచ్చి నాతోపాటు గట్టు మీద కూర్చుని చెప్పింది. ఆ విషం పేరు డయాక్సిన్. నీళ్ళలో కలవదట. అందుకే నీళ్ళు తేటగా ఉన్నాయి. చేపల పులుసు గిన్నెను నీళ్ళతో కడిగితే జిడ్డు పోదే, అలా అది బురదని పట్టుకుంటుంది, కొవ్వుని పట్టుకుంటుంది, వదలదు. బురదని పురుగు తింటుంది, పురుగుల్ని చేప తింటుంది, బాతు తింటుంది. ఒక్కో నోరు మారేకొద్దీ చిక్కబడుతుంది. అన్నిటికన్నా ఎక్కువ చేప కొవ్వులో, పొట్టలో, తలలో. బాతుగుడ్డు పచ్చసొనలో.

తోకలో తక్కువట దియెమ్. తోకలో తక్కువ.

నిన్న లారీ తెచ్చి బాతులన్నిటినీ పట్టుకుపోయారు, నూట ఇరవై. చేపల్ని గొయ్యి తీసి సున్నంతో పూడ్చారు. ఇక ఇందులో ఎవరూ వల వెయ్యకూడదని బోర్డు పెట్టారు. నా రక్తంలో ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉందట. నాది పోనీ. నా మాట విను. ఈ ఉత్తరం చదివిన క్షణం నుంచీ పిల్లాడికి నీ పాలు ఆపెయ్. డబ్బా పాలు పట్టు. నీ ఒంట్లో ఉన్న కొవ్వంతా ఈ చెరువుదే, నా చేత్తో నేను పెట్టిందే. ఆరు బకెట్లు! అది పాలలోంచి దిగుతుందని ఖుయేని అడిగి తెలుసుకున్నాను.

నేను చూడ్డానికి రాను. మీరూ ఇటు రావద్దు. ఈ చేతులతో వాణ్ణి ముట్టుకోను.

తోమ్


చెరువుగట్టు,
2007 నవంబరు 20

దియెమ్,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. నలభై రోజులైంది. ముయిని అడిగితే మీ ఇంటి ముందు గుడ్డలు ఆరేసి ఉన్నాయన్నాడు. చిన్నవి ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయన్నాడు. ఆ మాట చాలనుకుని వారం గడిపాను.

నీ కోపం నాకు తెలుసు. నీ స్థానంలో నేనుంటే ఉత్తరం కాదు, ఆ బకెట్టు తెచ్చి మొహాన కొట్టేదాన్ని. రాయకపోతే రాయకు. వాడు బాగున్నాడని ఒక్క ముక్క ముయితో చెప్పి పంపు.

చెరువు చప్పుడు లేకుండా ఉంది. బాతులు లేవని తెలిసి కూడా పొద్దున్నే దాణా బుట్ట తీస్తున్నాను.

తోమ్


హ్యూ,
2007 డిసెంబరు 2

అక్కా,

ఇప్పుడు రాసేదంతా నిజం. అందుకే ఇన్నాళ్ళు పట్టింది.

నీ మాట విని పాలు ఆపేశాను. గుడ్డతో గట్టిగా కట్టుకుని, నొప్పి ఓర్చుకుంటూ, పక్కగదిలో వాడు ఏడుస్తుంటే చెవులు మూసుకుని కూర్చున్నాను. డబ్బా పాలు వాడికి పడలేదు. విరేచనాలు పట్టుకున్నాయి. పన్నెండు రోజుల్లో నిజంగానే చిట్టిరొయ్యైపోయాడు. అత్తయ్య నన్ను తిట్టిన తిట్లు కాయితం మీద రాయలేను. చివరికి తనే వాణ్ణి చంకనేసుకుని, ఆ మోకాళ్ళతో, పెద్దాసుపత్రికి నడిచింది.

అక్కడి డాక్టరమ్మకి అన్నీ చెప్పాను. చెరువు, బాతులు, ఇరవై రెండేళ్ళ పొట్టముక్కలు, నీ రక్తం ఫలితం. ఆవిడ శ్రద్ధగా వింది. నా ఒంట్లో కొంత ఉండే ఉంటుంది, పాలలోకి కొంత పోతుంది కూడా, దాచనమ్మా అంది. అయినా పాలే ఇవ్వమంది. "పాలలో ఉండే మేలు ఆ చెడుకంటే పెద్దది. పాలు ఆపితే బిడ్డకి జరిగే చెడు రేపో ఎల్లుండో కాదు, ఇదిగో నీ కళ్ళ ముందే జరిగింది" అంది. ఇకమీద అలాంటి చేపా గుడ్డూ తినకపోతే ఒంట్లో ఉన్నది ఏడెనిమిదేళ్ళకి సగానికి దిగుతుందట. మళ్ళీ పాలు పడటానికి తొమ్మిది రోజులు పట్టింది. పడ్డాయి అక్కా. ఇప్పుడు బుగ్గలు కూడా వచ్చాయి.

నీ మీద కోపం వచ్చింది, కాదనను. చేపల గురించి కాదు. నిన్ను నువ్వే విషం అనుకుని, ఆ మాట నాకు ఆజ్ఞలా రాసి పంపావే, దానికి. నేను కూడా ఆలోచించకుండా పాటించాను, దానికి నా మీద కోపం. రెండూ కలిసి కలం కదల్లేదు.

ఇంకొకటి. ఆ ఆరు బకెట్లలో ఒక్క ముక్క కూడా నేను తినలేదు. వేవిళ్ళలో బురదవాసన పడక, మూత తీస్తేనే వాంతి అయ్యేది. నీకు రాస్తే బాధపడతావని తిన్నానని రాశాను. చేపలన్నీ అత్తయ్యే తింది, తలకాయలతో సహా. ఈ సంగతంతా చెప్పి నేను ఏడుస్తుంటే, "డెబ్బై రెండేళ్ళొచ్చాయి, నన్ను కొత్తగా చంపేదేముంది, ఇంకో బకెట్టు వస్తుందేమో కనుక్కో" అంది. ఆరు బకెట్ల చేపలకి ఆ వయసులో భయపడాల్సినంత ఏమీ లేదని డాక్టరమ్మ కూడా అంది.

నువ్వు నా ఉత్తరం నమ్మి పెట్టుకున్న బెంగ అది. క్షమించు. నువ్వు వచ్చి వాణ్ణి ఎత్తుకో.

దియెమ్


చెరువుగట్టు,
2007 డిసెంబరు 9

అబద్ధాలకోరా,

నీ ఉత్తరం గట్టు మీద కూర్చుని రెండుసార్లు చదివి, మూడోసారి ఖుయే చేత గట్టిగా చదివించుకున్నాను, ఎక్కడైనా తప్పు చదివానేమోనని. ఏడ్చాను. తరవాత మీ అత్తగారు తలకాయలు చీకుతున్నట్టు ఊహించుకుని నవ్వాను. ఏడుస్తూ నవ్వుతుంటే ఖుయే భయపడి నీళ్ళు తెచ్చింది.

ఆరు బకెట్లు తినకపోతే ఇరవై రెండేళ్ళు తినకుండా పోవు, నాకు తెలుసు. అయినా ఆరు బకెట్ల బరువు దిగింది. కానీ పన్నెండు రోజులు పసివాడి కడుపు మాడ్చింది నేనే. చెరువు మీద అలిగి కడుక్కోవడం మానేసినట్టు, చేప మీద కోపం తీసుకెళ్ళి పాల మీద చూపించాను. మీ అత్తగారి కాళ్ళకి దణ్ణం పెట్టానని చెప్పు. ఆ మోకాళ్ళకి ప్రత్యేకంగా.

ఖుయే ఒక మాట అంది. నీళ్ళని అడిగితే ఏమీ లేదనే చెప్తాయి, బురదని అడగాలి అని. నీ ఉత్తరాలూ అంతే. బాగుంది, తిన్నాను, కంగారుపడకు. పైన తేటగా ఉంటాయి. ఇకనుంచి నాకు బురద రాయి. నేను తట్టుకుంటాను.

వస్తాను. చూస్తాను. ఎత్తుకుంటాను కూడా. ఒక్కటి మాత్రం అడగొద్దు. నా చేత్తో వాడికి తినడానికి ఏమీ పెట్టను. అరటిపండు కూడా. నా చెయ్యి ఇక పెట్టలేదు దియెమ్. నీకు పెట్టినన్నాళ్ళూ ఎంత ముద్దుగా పెట్టానో అంత విషం పెట్టాను. అది తలుచుకుంటే వేళ్ళు ముడుచుకుపోతున్నాయి.

తోమ్


చెరువుగట్టు,
2012 జులై 30

బంగారుకొండా,

తెప్‌గాడికి పళ్ళు ఊడుతున్నాయని రాశావు. ఊడిన కింది పన్ను కప్పు మీదికి విసిరారా? వాడు పోయినసారి నన్ను నిలేశాడు, పెద్దమ్మా నువ్వు మిఠాయి తెస్తావుగానీ నువ్వు ఇవ్వవు, బల్ల మీద పెట్టి పారిపోతావెందుకు అని. అయిదేళ్ళవాడికి ఏం చెప్పను? చెయ్యి నొప్పి అన్నాను. వాడు నా చెయ్యి ఊదాడు.

ఇక్కడి సంగతి. చివరికి చెరువు శుభ్రం చెయ్యడం మొదలైంది. నీళ్ళు తోడేసి అడుగు బురదంతా తవ్వి తీస్తారట. ఎక్కడ ఎంత లోతు తవ్వాలో ఇంజనీర్లు కాయితం మీద గళ్ళు గీసి, గడికొకచోట బురద తీసి చూశారు. మధ్యలో ఒక గడి దగ్గర విషం తక్కువ వచ్చిందని పైపైన గీకి వదిలేద్దామనుకున్నారు. ఖుయే ఆ కాయితం నాకు చూపించింది.

నేను అది కాదన్నాను. ఆ గడిలోనే నాలుగు చాపలు పరిచినంత వెడల్పున ఒక గుంట ఉంది. బాంబు పడిన గుంట. తరవాత్తరవాత మెత్తటి ఒండ్రుతో పూడిపోయి పైకి సమంగా కనిపిస్తుంది. తామరగింజలు కోస్తూ ఒకసారి అందులో నడుందాకా దిగిపోయాను. ఆ చెరువులో నా అరికాలికి తెలియని జానెడు నేల లేదు. ఇంజనీరు మర్యాదగానే నవ్వాడు. నేను పడవెక్కి, వెదురు గెడ తీసుకుని, వీళ్ళు బురద తీసిన చోటికి మూడు అడుగుల ఇవతల గుచ్చాను. గెడ మనిషి లోతు దిగిపోయింది. అతను నవ్వు ఆపేశాడు.

అక్కడ తీసిన బురద ఫలితం నిన్న వచ్చింది. చెరువంతటిలోనూ అదే ఎక్కువ. వదిలేసి ఉంటే మళ్ళీ అక్కణ్ణుంచే మొదలయ్యేదట. ఇంజనీరు నాకు రెండు చేతులూ కలిపి దణ్ణం పెట్టాడు.

ఆ గుంట ఏదో తెలుసా? నేను నడిమి మడుగు అనేదాన్నే, అది. మంచి తామరలు అక్కడే పూసేవి. నీకోసం చేపలు ఎప్పుడూ అక్కడే పట్టేదాన్ని.

తోమ్


హ్యూ,
2012 ఆగస్టు 8

అక్కా,

చదివి గర్వపడాలో తిట్టాలో తెలీడం లేదు. ముందు తిడతాను. బూట్లు వేసుకున్నావా లేదా? అరికాలు, అరికాలు అని అంతలా రాశావు. ఉట్టికాళ్ళతో దిగి ఉంటే నేను ఈ వారమే వచ్చి నీ పడవ తగలబెడతాను. బురద రాయమన్నావుగా, నిజం రాయి.

తెప్ ఊరంతా చెప్పుకుంటున్నాడు, మా పెద్దమ్మ కర్రతో బాంబు పట్టుకుందని.

దియెమ్


చెరువుగట్టు,
2014 నవంబరు 16

చెల్లీ,

బూట్ల సంగతి రెండేళ్ళుగా ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. వేసుకున్నానే తల్లీ, వేసుకున్నాను. గెడతోనే అంతా చూపించాను. బురదలో కాలు పెట్టలేదు. ఆ పడవని ఇక వదిలెయ్.

మైదానంలో ఇప్పుడొక పెద్ద దిబ్బ ఉంది. దిబ్బ అంటే దిబ్బ కాదు, చుట్టూ గోడలు కట్టి పైన కప్పేసిన ఇల్లులాంటిది, ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే నాకు ఆయాసం వస్తుంది. మన చెరువు బురదంతా అందులో ఉంది. లోపల ఇనప గొట్టాలు దించి, కుమ్మరి ఆవం కాల్చినట్టు నెలల తరబడి కాల్చారు. మూడువందల ముప్పై డిగ్రీలు దాటించారు. అంత వేడికి ఆ విషం ముక్కలుముక్కలై దాని గుణం పోతుందట. ఆవిరిని కూడా గొట్టాల్లో పట్టి వడకడతారు, గాలిలోకి వదలరు.

చల్లారాక ఖుయే కాస్త మట్టి పరీక్ష చేసి తెచ్చి నా చేతిలో పోసింది. ఇప్పుడిందులో ఏమీ లేదు పెద్దమ్మా అంది. నిజంగానే ఏమీ లేదు. విషమూ లేదు, వాసనా లేదు, ఒక వానపాము కూడా లేదు. ఇటికపొడి. ముప్పై ఏళ్ళు నడిచిన నేల దియెమ్, నా గుప్పిట్లో పొడిగా ఉంది. సంతోషించాను. ఏడ్చాను కూడా.

ఇంకోటి. నా రక్తం మళ్ళీ తీశారు. ఏడేళ్ళలో దాదాపు సగం తగ్గిందట. మీ డాక్టరమ్మ చెప్పినట్టే. మిగతా సగం నాతోపాటే పోతుందిలే, తొందరేం లేదు.

జనవరిలో అమ్మ తద్దినం. ఈసారి అందరూ రండి. వంట నువ్వు చెయ్యి, నేను కూర్చుంటాను.

సగం అక్క,
తోమ్


హ్యూ,
2015 జనవరి 28

అక్కా,

తద్దినం నుంచి తిరిగి వస్తూ బస్సులో నీ మీద కోపంతో ఉన్నాను. రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

అమ్మకి నైవేద్యం పెట్టిన చేప కిందికి దించాక తెప్ నీ పక్కన కూర్చున్నాడు. పెద్దమ్మా నువ్వు పెట్టు అని గిన్నె పట్టుకున్నాడు. ఏడేళ్ళకి మొదటిసారి నువ్వు చెయ్యి చాపావు. చాపి, తోకముక్క తీసి వాడి గిన్నెలో వేశావు. పొట్టముక్క నీ గిన్నెలో వేసుకుని, మావైపు చూడకుండా మొత్తం తినేశావు. వాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి నానమ్మతో, పెద్దమ్మ పిసినారి, మంచిముక్క తనే తింది అని ఫిర్యాదు.

నేనూ లోపల అదే అనుకున్నాను. పసివాడు నోరు తెరిచి అడిగితే ఏమిటీ బుద్ధి అని.

అత్తయ్యే అంది. ఎనభై ఏళ్ళకి ఆవిడకి చూపు మందగించిందిగానీ బుద్ధి కాదు. "ఒసే పిచ్చిదానా, ఆవిడ లెక్కలో విషం ఎక్కడుంటుంది? పొట్టలోనేగా. అందుకే అది తను తినేసింది" అంది.

వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు ఏడ్చాను అక్కా. అది సముద్రపు చేప. పొద్దున్నే నేనే కొన్నాను. ఏమీ లేదు అందులో.

దియెమ్


కొండవెనక గుంట,
2015 జూన్ 7

దియెమ్,

సముద్రపు చేపేనని నాకూ తెలుసు. నువ్వు కొనేటప్పుడు నీ వెనకే ఉండి అమ్మేదాన్ని మూడుసార్లు అడిగాను. అయినా చెయ్యి పోలేదు. వాడి గిన్నె అంత దగ్గరగా చూసేసరికి నీ గిన్నె గుర్తొచ్చింది. ఉంటే నాలోకే రానీ, నాలో ఎలాగూ సగం ఉంది అనుకున్నాను. వాడు పిసినారి అన్నందుకు నాకు కష్టం లేదు. నీకు పొట్టముక్కలు పెట్టిన రోజుల్లో నువ్వు నన్ను దేవత అనేదానివి. దానికంటే ఈ తిట్టే నయం.

పైన రాసిన చిరునామా చూశావా? నీకు చెప్పకుండా నిరుడే కొండవెనక ఒక చిన్న గుంట పట్టుకున్నాను. విమానాలకీ దీనికీ సంబంధం లేదు, వేరే కొండ, వేరే వాగు. అయినా నీళ్ళు తేటగా ఉన్నాయని మురిసిపోలేదు. మొదట బురద పంపాను. బురద బాగుందని వచ్చాకే పిల్లచేపల్ని వదిలాను. అవి పెరిగాక ఒకదాని పొట్టముక్క కోసి ఖుయేకి ఇచ్చాను. తల, తోక వద్దు, పొట్టే చూడు, కొవ్వే చూడు అన్నాను. మొన్న కాయితం వచ్చింది.

ముయి పోయిన ఏడాదే మానేశాడు. ఇప్పుడు వాళ్ళ అల్లుడు నడుపుతున్నాడు. అతని బస్సులో బకెట్టు వస్తుంది. మూతకి తడిగుడ్డ కట్టాను. పిడికి ఒక ప్లాస్టిక్ సంచీ కట్టి ఉంటుంది, అందులో ఆ కాయితం ఉంది, ముద్రతో సహా. ముందు అది చదువు. మీ ఆయన చేత చదివించు. మీ అత్తగారికి వినిపించు. తరవాతే కత్తి పట్టు.

చేపలు రెండు. తలకాయలు రెండూ మీ అత్తగారికి, బాకీ. తోక నాకు లేదు కాబట్టి నువ్వు తిను, ఎలా ఉంటుందో నీకూ తెలియాలి. పొట్టముక్క తెప్‌గాడికి. నువ్వు పెట్టినా నేను పెట్టినట్టేనని చెప్పు.

ఈసారి వాడు తినకపోతే తినలేదనే రాయి.

పెద్దమ్మ,
తోమ్